నాలుగు చుట్లు తక్కువ

చర్ల అవతల ఒక ఊళ్లో ఒకే చలికాలంలో ఐదు మోటార్లు కాలిపోయాయి. ఐదింటికీ వైండింగ్ చేసింది ఒకే మిస్త్రీ. అతను చేసింది నేను తయారుచేసిన యంత్రం మీద, నేను నెట్‌లో పెట్టిన లెక్క ప్రకారం. ఆ లెక్క మా నాన్న నోట్‌బుక్‌లోది. ఊరు మాత్రం మిస్త్రీనే తిట్టింది. నన్ను తిట్టడానికి నేనెవరో వాళ్లకు తెలియదు. మా నాన్నను తిట్టడానికి ఆయన ఒకడున్నాడనే తెలియదు.

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, మీ ప్రయాణం గురించి పిల్లలకు చెప్పండి మేడం అన్నారు. నా ప్రయాణంలో చెప్పదగ్గది ఈ ఐదు మోటార్ల సంగతే. అది చెప్తానంటే వాళ్లు మొహమాటంగా ఇంకేదైనా చెప్పమన్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది ఖమ్మం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అబ్బాజాన్, అమ్మీ అంటాం. బడీ బజారూ అన్నీ తెలుగే కాబట్టి రాయడానికి కూర్చుంటే నాన్న, అమ్మ అనే వస్తుంది. అమ్మ మాటలు కూడా తెలుగు చేసే రాస్తాను. ఇరుగుపొరుగుతో ఆమె తెలుగు ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే.

నాన్నది మోటారు వైండింగ్ షాపు. పొలం మోటారు కాలిపోతే లోపలి రాగి తీగంతా కోసి పారేసి, కొత్త తీగను కాయిళ్లుగా చుట్టి, ఇనుప గాడుల్లో కూర్చి, వార్నిష్ పోసి ఆరబెట్టడం ఆ పని. వినడానికి ఇంతే. అసలు విద్య ఒక్క అంకెలో ఉంటుంది: ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు. చుట్లు ఎక్కువైతే మోటారు నీళ్లు లాగదు. తక్కువైతే కరెంటు ఎక్కువ తాగి, వేడెక్కి, కొన్నాళ్లకు కాలిపోతుంది. ఏ మోటారుకు ఎన్ని చుట్లో ప్రతి మిస్త్రీ తన నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, ఆ నోట్‌బుక్‌ను ఎవరికీ చూపించడు. తమ్ముడికి చూపించడు, అల్లుడికి చూపించడు. మా నాన్న తన నోట్‌బుక్‌ను తను కూర్చునే స్టూలు మీద గోనెపట్టా కింద పెట్టుకుని, దాని మీదే కూర్చునేవాడు. నమాజుకు లేచినప్పుడు చొక్కాలో పెట్టుకుని పోయేవాడు.

బడి నుంచి వచ్చాక నేనూ కాయిళ్లు చుట్టేదాన్ని. ఎన్ని చుట్లో నాన్న నోటితో చెప్పేవాడు. బుక్కు మాత్రం తెరిచేవాడు కాదు. "అబ్బాజాన్, ఒక్కసారి చూస్తా" అంటే, "చూసి ఏం చేస్తవ్ బేటా, చెప్తున్న గదా, చుట్టు" అనేవాడు. ఆయన చెప్పిన అంకెల్లో ఒక్కటి నాకు గుర్తున్నా తర్వాత ఇంత జరిగేది కాదు. ఒక్కటీ గుర్తు లేదు. ఆ వయసులో నా ధ్యాసంతా ఎప్పుడు వదిలిపెడతాడా అనే.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. హైదరాబాదులో కరెంటు మీటర్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి ఆరు నెలలు నా పని ఏమిటంటే, బోర్డు మీది చిప్పులపై ముద్రించిన నంబర్లను గరుకు కాగితంతో అరగదీయడం. ఏ చిప్పు వాడారో అవతలి కంపెనీ కనిపెట్టకూడదట. మూడేళ్లు చదివింది చిప్పులను గుర్తుపట్టడం, జీతం ఇచ్చేది ఎవరూ గుర్తుపట్టకుండా చేసినందుకు. నాకు ఒళ్లు మండేది. రిపేరుకు వచ్చిన మీటర్లలో కూడా చిప్పు పేరు లేక మేమే తలలు పట్టుకున్న రోజులున్నాయి. సూపర్‌వైజరుతో ఆ మాటే అంటే, "నీకెందుకమ్మా, గీకు" అన్నాడు.

గీకడం మానేసి ఖమ్మం వచ్చేశాను. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అనే మాట అప్పటికే తెలుసు. తయారుచేసిన వస్తువు గీతలు, సర్క్యూటు, లోపలి ప్రోగ్రాము, కొనాల్సిన సామాను జాబితా, అన్నీ అందరికీ తెరిచి పెట్టడం. ఎవరైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మార్చినదాన్ని మళ్లీ తెరిచి పెట్టాలన్నదే షరతు. గరుకు కాగితం పట్టిన చేతికి ఇది ఎంత నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఖానాపురం హవేలి అనే పేటలో ఒక మేడ మీది గది కిరాయికి తీసుకుని పని మొదలుపెట్టాను. కింద ఇంటివాళ్లు టంకం వాసన వస్తోందని నెలకోసారి గొడవ పెట్టుకునేవాళ్లు.

నేను చేసినవాటిలో జనం వాడినది ఒక్కటే, కాయిళ్లు చుట్టే యంత్రం. సైకిల్ హబ్బుకు ఒక హ్యాండిలు, ఒక చిన్న అయస్కాంతం. హ్యాండిలు తిప్పితే ప్రతి చుట్టుకూ డబ్బా మీద అంకె పెరుగుతుంది, మనం పెట్టుకున్న సంఖ్య రాగానే బజరు మోగుతుంది. మధ్యలో ఎవరైనా పలకరించినా లెక్క తప్పదు. అంతే. దీనికే నన్ను ఇన్వెంటర్ అన్నారు. వేదికల మీద శాలువాలు కప్పారు. నేను కనిపెట్టిందల్లా హబ్బుకు అయస్కాంతం అంటించడం. అయినా శాలువాలు వద్దనలేదు.

ఆ యంత్రాన్ని చూసి సొంతంగా చేసుకున్నవాళ్లలో చర్ల మిస్త్రీ ఒకడు. నా ఈడువాడే, కోయవాళ్ల ఊరు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. అక్కడ మోటారు కాలితే భద్రాచలం మోసుకుపోవాలి. ఆ రోడ్డు మీద ఆటోలో మోటారు పెట్టుకుని పోయి రావడం ఒక రోజు పని, వైండింగ్ అయ్యేదాకా వారం ఆగాలి. ఇతను ఊళ్లోనే రేకుల షెడ్డు వేసి చుట్టడం మొదలుపెట్టాడు. కాయిల్ చుట్టే అచ్చుకు నేను ప్లాస్టిక్ రాశాను. అతను ఏగిస చెక్క పెట్టి ఫొటో పంపాడు. "అక్కా, నీ ప్లాస్టిక్ ఎండకు వంకరవోతది" అన్నాడు. నిజమే. నా డిజైన్‌లో చెక్క అనే మార్చి, అతని పేరు రాశాను. ఆ ఫొటో నా ఉపన్యాసాలన్నింటిలో ఉండేది. చూడండి, అడవిలో ఒక మిస్త్రీ నా డిజైన్‌ను నాకంటే బాగా చేశాడు అని చెప్పి, చప్పట్లు నేను కొట్టించుకునేదాన్ని.

యంత్రం చేసుకున్న ప్రతివాడూ తర్వాత అడిగేది ఒకటే. సరే, ఎన్ని చుట్లు వేయాలి?

అప్పటికి నాన్నకు పక్షవాతం వచ్చి ఏడాది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తెలివి పూర్తిగా ఉంది. ఎడమ చేయి ఆడుతుంది. షాపు ఖాళీ చేసినప్పుడు సామానుతో పాటు నోట్‌బుక్ కూడా ఇంటికి వచ్చింది. నలభై ఏళ్ల లెక్క, నూరు పైచిలుకు పేజీలు. నేను దాన్ని మొదటిసారి తెరిచింది అప్పుడే. అంత అందమైన చేతిరాత ఈయనకుందా అనుకున్నాను. ఖమ్మం జిల్లాలో నడిచే ప్రతి రకం మోటారూ అందులో ఉంది. ఇది గోనెపట్టా కింద పడి ఉండాల్సింది కాదనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పాను. "అబ్బాజాన్, ఈ బుక్కు అందరికీ పెడుతున్న. మీ పేరుతోనే. ఎంతమందికి పనికొస్తదో" అన్నాను. ఆయన ఎడమ చేయి ఎత్తాడు. నాలుగు వేళ్లు చూపించాడు. నేను గోడ గడియారం చూశాను. నాలుగు కావస్తోంది. ఆయనకు నాలుగింటికి చాయ్ అలవాటు. "అమ్మీ, చాయ్ పెట్టు" అని కేకేశాను. ఆయన మళ్లీ చూపించాడు. "వస్తోంది, వస్తోంది" అన్నాను. చాయ్ వచ్చింది. ఆయన నా మొహంలోకి చూస్తూ తాగాడు.

పేజీలన్నీ ఫొటోలు తీసి, అంకెలు టైపు చేసి, పట్టికగా ఆ ఫొటోలతో సహా నెట్‌లో పెట్టాను. నేను చేసినవన్నింటిలోకీ దానికే పేరొచ్చింది. ఎక్కడెక్కడి మిస్త్రీలో రాశారు. ఇన్నేళ్లకు ఒక మిస్త్రీ ఇంటి నుంచి లెక్క బయటికొచ్చింది అని ఒకాయన రాశాడు. నేను గాల్లో తేలాను. లేదని ఎందుకనాలి.

చర్లలో ఆ లెక్కతో మోటార్లు బ్రహ్మాండంగా నడిచాయి. భద్రాచలంలో చేయించిన మోటారు కన్నా మనోడు చేసింది ఎక్కువ నీళ్లు గుంజుతుంది అని వాగు పక్క రైతులు అన్నారట. ఆ మాట అతను గర్వంగా చెప్పాడు, నేను గర్వంగా విన్నాను. ఇద్దరికీ అనుమానం రావాల్సింది అప్పుడే. లైను చివరి ఊరు, ఎప్పుడూ వోల్టేజీ తక్కువ. వోల్టేజీ తక్కువ ఉన్నచోట చుట్లు తగ్గిన మోటారే బాగా నడుస్తుంది. తర్వాత ఆ చలికాలంలో ఊరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. వోల్టేజీ నిండుగా వచ్చింది. మిరప తోటలు కాపు మీదున్నాయి, మోటార్లు పగలంతా ఆడుతున్నాయి. మూడు వారాల్లో ఒకదాని వెనక ఒకటి ఐదూ కాలాయి.

మిస్త్రీ ఫోన్ చేశాడు. ఐదు హార్స్‌పవర్ మోటార్లు, ఐదూ ఒకటే రకం అన్నాడు. నేను ఏమన్నానో దాచను. "లెక్క తప్పి ఉంటవ్. అయస్కాంతం ఊడిందేమో చూసుకో" అన్నాను.

 "గట్లనే అయ్యుండొచ్చక్కా" అన్నాడు. "ఊళ్లె ఎవ్వరూ నాకు మోటారు ఇస్తలేరు. వేరేవి ఇచ్చినోళ్లు కూడా వాపస్ తీస్కపోయిండ్రు. నువ్వొకసారి వచ్చి మిషిన్ చూడు. మిషిన్‌దే తప్పంటే నేను ఊరికి చెప్పుకోవచ్చు. నా చేతిదే తప్పంటే షెడ్డు ఇప్పేస్త."

అతని అన్నం ఆ షెడ్డు మీదే. వెళ్లక తప్పదు. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి చర్లకు ఇంకో బస్సు, ఆపైన అతని బండి వెనక. దారిలో పోలీసు క్యాంపు దగ్గర నా సంచి దించమన్నారు. వైర్లు, బ్యాటరీ, బజరు చూసి ఇదేంది అన్నారు. కాయిళ్లు లెక్కబెట్టేది అని చెప్తే ఒకతను నొక్కి చూశాడు. అది మోగింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. తర్వాత నవ్వి పొమ్మన్నారు. మిస్త్రీ నవ్వలేదు. ఆ రోజు దారంతా అతను నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు.

షెడ్డులో ఐదు మోటార్లూ వరసగా ఉన్నాయి, మూతలు తీసి, లోపల నల్లగా. ఒకదాన్లోంచి కాలిన కాయిల్ బయటికి లాగాడు. ఒక పక్క కోసి, తీగ మొనలు విడదీసి, నా ముందు బల్ల మీద ఒక్కొక్కటే పరుస్తూ లెక్కబెట్టాడు. ముప్పై ఎనిమిది. పట్టికలో ఉన్నది ముప్పై ఎనిమిదే. ఇంకో మోటారు కాయిల్ కోశాడు. ముప్పై ఎనిమిది. యంత్రం సరిగ్గానే ఉంది, అతని చెయ్యి సరిగ్గానే ఉంది. మూడోది కోయబోతే వద్దన్నాను. 

"మరి అంకెనే తప్పా?" అన్నాడు.

రెండు కాయిళ్ల మొనలూ నేనే మళ్లీ లెక్కబెట్టాను.

అతను ఫోన్ తీసి, చాలా వెనక్కి జరిపి, ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. ఏడాది కిందట తను నాకు పంపిందే. "అక్కా, పాత కాయిల్ ఇప్పి లెక్కబెట్టిన. నలభై రెండొచ్చింది. నీ టేబుల్ల ముప్పై ఎనిమిదున్నది. ఏది ఎయ్యమంటవ్?" దాని కింద నా జవాబు ఉంది. టైపు చేసి పంపాను. "టేబుల్ చూసి వెయ్యి."

ఆ తేదీ చూశాను. ఆ రోజు నేనొక పెద్ద నగరంలో వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. నా వంతు వస్తోంది. అక్కడ నేను మాట్లాడిన విషయం కూడా గుర్తుంది. తెరిచి పెట్టిన డిజైన్‌లో తప్పు ఎవరికైనా దొరుకుతుంది, దొరికినవాడు దిద్దుతాడు, మూసిపెట్టిన దానికీ దీనికీ ఉన్న తేడా అదే అని చెప్పాను. తప్పు దొరికినవాడు అంతకు పది నిమిషాల ముందు నన్ను అడిగాడు. నేను మూడు మాటల్లో అతని నోరు మూసేశాను.

"నీకు నలభై రెండు వచ్చినప్పుడు నలభై రెండే వేయాల్సింది" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"ఎట్ల ఏస్తనక్కా. పాతది ఎవడో చుట్టింది. నీది పెద్దాయన రాసిన బుక్కు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే తల ఎత్తలేకపోయాను. వారంలో వస్తాను, షెడ్డు విప్పొద్దు అని చెప్పి బయల్దేరాను. "జల్దీ రా" అన్నాడు.

ఖమ్మంలో మా ఇంట్లో నాన్న చుట్టిన చివరి మోటారు ఉంది. పక్షవాతం రావడానికి ముందు రోజు వార్నిష్ పోసి ఆరబెట్టింది. కారేపల్లి రైతుది. ఆయన కొత్తది కొనుక్కుని, ఇది మీ నాన్న గుర్తుకు ఉంచుకోండమ్మా అని వదిలేశాడు. ఐదు హార్స్‌పవర్, చర్లలో కాలినవాటి రకమే. గదిలో బల్ల మీద పెట్టుకుని రోజూ తుడిచేదాన్ని. చర్ల నుంచి వచ్చిన రోజే దాని మూత విప్పాను. వార్నిష్ కింద తీగ ఇంకా కొత్తగా మెరుస్తోంది. కోయడానికి చెయ్యి రాలేదు. కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత కోశాను. మొనలు పరిచి రెండుసార్లు లెక్కబెట్టాను. నలభై రెండు.

నాన్న చేత్తో వేసింది నలభై రెండు. అదే చేత్తో రాసింది ముప్పై ఎనిమిది. నాలుగు వేళ్లు అప్పుడు గుర్తొచ్చాయి.

వంటింట్లోకి పోయి అమ్మను అడిగాను. ఆమె బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపకుండానే చెప్పింది. "నాకు ఎర్కే. నువ్వు చిన్నగున్నప్పుడు ఎదురుంగ ఒకాయన షాపు పెట్టిండు. మీ అబ్బాజాన్ దగ్గరనే పని నేర్సుకున్నడు. పోతా పోతా బుక్కు రాసుకపోయిండు. ఆ తర్వాత ఈయన కొత్త బుక్కు రాసిండు. ఎక్కువ వచ్చే మోటార్లకు నాలుగు తక్కువ రాసిండు. పోయినోడు కొత్త రకం మోటార్ల కోసం మళ్ల చాటుంగ వచ్చి చూసుకున్నడు, చుట్టిండు, కాలినయి. వాని దగ్గర కాలితే ఈయన దగ్గరికి వచ్చిండ్రు. గట్లనే మన ఇల్లు నడిచింది. నీ చదువు గట్లనే అయింది."

చిప్పులు గీకి నేను మూతి ముడుచుకుని ఇంటికొచ్చిన రోజు ఈ ఇద్దరూ నా ఉపన్యాసమంతా నోరెత్తకుండా విన్నారు. అది కూడా గుర్తొచ్చింది.

నిజం రాసి పెడతానన్నాను. అప్పుడు చాట పక్కన పెట్టింది. "పడుకున్న మనిషి. మాట లేదు. తన తరఫున ఒక్క ముక్క చెప్పుకోలేడు. ఇయ్యాల్టికి కూడా బజార్ల ఆయన పేరు చెప్తే నిజాయితీ మిస్త్రీ అంటరు. ఆయన్ని నువ్వు దొంగను చేస్తవా? టైపింగ్ల తప్పు వోయిందని రాయి. నీ మీద ఏసుకో. నీకేం పోతది?"

ఆమె అన్నది సబబుగానే ఉంది. నిజంగానే అట్లా టైపు చేశాను. రెండు రోజులు అట్లాగే ఉంచాను. నా తప్పే అంటే మిస్త్రీ బయటపడతాడు, నాన్న పేరు నిలుస్తుంది, నాకు నాలుగు రోజులు తలవంపులు. కానీ పట్టికతో పాటు బుక్కు పేజీల ఫొటోలు కూడా పెట్టాను కదా. వాటిలో నాన్న అందమైన చేతిరాతలో ముప్పై ఎనిమిది అనే ఉంది. ఆ అబద్ధం నిలబడాలంటే ఫొటోలు తీసేయాలి. తీసేయడానికి వేలు పెట్టాను. గరుకు కాగితం చేతికి తగిలినట్టే ఉంది. పైగా, నాన్నను అడక్కుండా ఒకసారి చేశాను. మళ్లీ అడక్కుండా చేస్తే నన్నేమనాలి.

నాలుగింటికి చాయ్ తీసుకుని నేనే వెళ్లాను. రాసుకున్న మూడు వాక్యాలు చదివి వినిపించాను. ఈ పట్టికలో కొన్ని లెక్కలు నాలుగు చుట్లు తక్కువ. అవి మా నాన్న కావాలని అట్లా రాసుకున్నవి. ఒక మిస్త్రీ తప్పు పట్టుకుని చెప్తే వినకుండా పోయింది నేను.

నాన్న ఏడ్చాడు. పక్షవాతం ఉన్నవాళ్లకు ఊరికే కన్నీళ్లు వస్తాయని దవాఖానాలో చెప్పారు. అట్లా అనుకుంటే నాకు తేలిక. కానీ అది కాదు, ఆయన ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఐదు మోటార్ల గురించి, మిరప తోటల గురించి, షెడ్డు గురించి చెప్పాను. "మీరు వద్దంటే రాయను. చర్ల మిస్త్రీకి లెక్క మాత్రం చెప్పి వస్తా" అన్నాను.

చాలాసేపు గోడకేసి చూశాడు. తర్వాత ఎడమ చేత్తో బుక్కు కావాలన్నట్టు చూపించాడు. ఒళ్లో పెట్టాను. మొదటి పేజీ తిప్పించుకుని, వేలితో అంకె మీద రెండుసార్లు కొట్టాడు. నాలుగు వేళ్లు చూపించాడు. తర్వాతి పేజీకి అరచేయి ఆనించి అట్లాగే ఉంచాడు. వేలితో కొడితే తప్పు, అరచేయి ఆనిస్తే నిజం. అట్లా మూడు రోజుల పాటు నూరు పేజీలూ చెప్పాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, లోపలికి రాలేదు. మూడో రోజు చాయ్ తనే తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది.

పెట్టాను. నెట్‌లో ఆ మూడు వాక్యాలూ, దిద్దిన లెక్కలూ చూశాక రావాల్సిన మాటలన్నీ వచ్చాయి. నాన్నను మోసగాడన్నారు, నన్ను బాధ్యత లేనిదాన్నన్నారు. బజార్లో ఇద్దరు ముసలి మిస్త్రీలు మాత్రం అమ్మతో, మేము ఆరు తక్కువ రాసేవాళ్లం అన్నారట.

చెప్పిన వారంలోపే చర్ల చేరాను. రాగి తీగ నేనే తీసుకుపోయాను. మిస్త్రీ మోటార్లవాళ్లను షెడ్డు దగ్గరికి పిలిచాడు. లెక్క తప్పు రాసింది మా నాన్న, వినకుండా అదే వేయమన్నది నేను, ఇతని చెయ్యి ఒక్క చుట్టు కూడా తప్పలేదు అని తెలుగులో చెప్పాను. అతను కోయలో చెప్పాడు. తన గురించి అన్న ముక్క అతను చెప్తున్నాడో లేదో నాకు అనుమానమే. ఒకామె ముందుకొచ్చి ఏదో అడిగింది. మిరప తోట ఎండిపోయింది ఆమెదే. అతను నేల చూస్తూ తెలుగులో చెప్పాడు, "మీ నాయిన చేసిన మోటార్లు ఎప్పుడన్న కాలినయా అని అడుగుతుంది."

"లేదు" అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా ఆమె తన మోటారు అతనితో చుట్టించలేదు, భద్రాచలమే పంపిస్తుంది. మిగతా నలుగురూ చుట్టమన్నారు. మూడు రోజులు నేనూ అతనూ కూర్చుని చుట్టాం, నలభై రెండు. చాలా ఏళ్ల తర్వాత నా వేళ్లకు తీగ కోసుకుంది. షెడ్డు అట్లాగే ఉంది, నడుస్తోంది. నా ఉపన్యాసాల్లో అతని ఫొటో తీసేశాను. అతనే అడిగాడు, "ఫొటో ఎందుకు తీసినవక్కా, మంచిగుండె గదా" అని. మళ్లీ పెట్టాను.

పోయిన నెల అతని నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, మూడు హార్స్‌పవర్ది, పాత మోటారు, మీ ఖమ్మంలనే ఎన్నడో చుట్టిపిచ్చిండ్రట. ఇప్పి లెక్కబెట్టిన, యాభై ఎనిమిదొచ్చింది. నీ టేబుల్ల యాభై నాలుగున్నది. నేను యాభై ఎనిమిదే ఏసిన. టేబుల్ తప్పున్నది, మార్చు." ముందు ఏది ఎయ్యమంటవ్ అని అడిగేవాడు. ఇప్పుడు అడగడు.

ఆ పేజీ తీసి చూశాను. పక్కన నా టిక్కు ఉంది. నాన్న అరచేయి ఆనించిన పేజీ అది, నిజం అని చెప్పింది. బుక్కు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి మెసేజ్ వినిపించాను. "అబ్బాజాన్, ఇది నిజమన్నారు గదా" అన్నాను.

ఆయన ఇంటి కప్పు చూశాడు. కిటికీ చూశాడు. నేను కదల్లేదు. చివరికి మూతి ఎడమ పక్కకు, కదలగలిగినంత మేరకు, నవ్వింది. ఎడమ చేయి దుప్పట్లోంచి తీసి నాలుగు వేళ్లు చూపించాడు.

గుమ్మంలోంచి అమ్మ చూసి, చాయ్ పెట్టడానికి లేచింది. "చాయ్ కాదమ్మీ" అన్నాను. టేబుల్ తెరిచి, యాభై నాలుగు కొట్టేసి, యాభై ఎనిమిది వేసి, పక్కన చర్ల మిస్త్రీ పేరు రాశాను.